మిక్సీలోంచి వచ్చే కమురు వాసనకు బహిరంగ లేఖ

కమురు వాసనా,

నువ్వు మా వంటింట్లోకి మొదటిసారి వచ్చింది 2022 సంక్రాంతికి, భోగి ముందు రోజు పొద్దున. సకినాల కోసం బియ్యం నానబోసి, వడగట్టి, గుడ్డ మీద ఆరబెట్టాను. తడి బియ్యం గిర్నీలోనే పట్టించమని మా అత్తమ్మ చెప్పనే చెప్పింది. వెళ్లి చూస్తే గిర్నీ ముందు డబ్బాల వరుస సందు మలుపు దాకా ఉంది. నాలుగు వాయిలుగా మిక్సీలో వేసుకుంటే అయిపోతుందిలే అని వెనక్కి వచ్చేశాను. మూడో వాయికి మిక్సీ గొంతు మారింది. సన్నగా కూసేది కాస్తా బరువుగా మూలగడం మొదలుపెట్టింది. ఆపాల్సింది. ఆపకుండా మూడో నంబరుకు తిప్పాను. అప్పుడు వచ్చావు నువ్వు, లక్కా రబ్బరూ కలిపి పెనం మీద పడేసినట్టు. వెనకాలే మిక్సీ కింది కంతల్లోంచి సన్నటి పొగ. ఆ రోజంతా పిండిలో వాము కలుపుతున్నా, సకినం చుడుతున్నా నా ముక్కులో నీ ఘాటే.

అది మా నాన్న కొనిచ్చిన మిక్సీ. 2008 నవంబరులో, నా పెళ్లికి పది రోజుల ముందు, ఇద్దరం అబిడ్స్‌లో మూడు దుకాణాలు తిరిగి కొన్నాం. బిల్లు కట్టాక నడుచుకుంటూ మొజంజాహీ మార్కెట్‌కు వచ్చి, పెట్టెను కాళ్ల మధ్య పెట్టుకొని సీతాఫలం ఐస్‌క్రీమ్ తిన్నాం. ఆ మిక్సీ పదమూడేళ్లు పనిచేసింది. రోజూ పొద్దున చట్నీ, వారానికోసారి అల్లం వెల్లుల్లి ముద్ద, నెలకోసారి కారప్పొడి, ఎండాకాలం పిల్లలకు మామిడిపండ్ల రసం. ఇప్పుడు నాన్న లేరు.

నువ్వు వచ్చి వెళ్లిన మర్నాడు ఒక మెకానిక్ ఇంటికొచ్చాడు. మూత కూడా విప్పలేదు, వాసన చూసి చెప్పేశాడు. “మోటర్ కాలిపోయింది మేడమ్. దీనికి పెట్టే పైసలకు కొత్తదే వస్తది.” నేను నమ్మాను. పాత సామాన్ల బండికి వేస్తే నూట ఇరవై రూపాయలిచ్చారు. ఆ నూట ఇరవై గురించే ఇంత ఉత్తరం రాస్తున్నానని అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఆ వారమే ఫోన్‌లో చూసి కొత్త మిక్సీ తెప్పించాను. పెట్టె మీద బొటనవేలంత అక్షరాలతో 1000 వాట్స్ అని ఉంది. పాతది 550. దాదాపు రెట్టింపు బలం, రెండువేల రెండు వందల రూపాయలకు! పద్నాలుగు నెలలు నడిచింది. 2023 ఉగాది నాడు భక్ష్యాలకు ఉడికించిన శనగపప్పు రుబ్బుతుంటే మళ్లీ నువ్వు వచ్చావు. వారంటీ సరిగ్గా ఏడాది. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే, ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదు, ఆర్మేచర్ దొరకదు, ఎక్స్‌చేంజ్‌లో కొత్తది తీసుకోండి అన్నారు. కార్డు వెనక చిన్న అక్షరాలు అప్పుడే చదివాను. జార్లకు, కప్లర్‌కు, కార్బన్ బ్రష్‌లకు వారంటీ లేదు. ఎక్కువ వేసి తిప్పడం వల్ల మోటరు కాలితే దానికీ లేదు.

ఇక్కడ నీతో ఒక మాట తేల్చుకోవాలి. నువ్వు వచ్చిన ప్రతిసారీ ఇంట్లో మొదటి మాట ఒకటే: “ఎంత వేశావు అందులో?” ఆ ప్రశ్న ఎప్పుడూ మిక్సీ తిప్పిన ఆడమనిషినే అడుగుతారు. మా ఆయన అడిగాడు, అత్తమ్మ అడిగింది, సర్వీస్ సెంటర్‌లో అబ్బాయి అడిగాడు. రెండుసార్లూ తలవంచుకున్నాను. సకినాల పిండి విషయంలో తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ భక్ష్యాల పప్పు అరజారే వేశాను. ఉగాదికి మన ఇళ్లలో రుబ్బే పప్పుకు తట్టుకోని యంత్రాన్ని మన ఇళ్ల కోసమే చేశామని అమ్మినవాళ్లను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నువ్వు ఎందుకు వస్తావో, ఎక్కడ పుడతావో తెలుసుకోవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

కాలిన మిక్సీని గుడ్డసంచిలో వేసుకొని మొజంజాహీ మార్కెట్‌కు నడిచాను. మాకు అది పావుగంట దూరం. ఆ కట్టడం గురించి నీకూ చెప్పాలి, ఎందుకంటే అది వాసనల మార్కెట్. 1935లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టి, ఆయన రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. నల్లరాతి కమానులు, మూలన గడియారం గోపురం. 1980ల దాకా నగరం పండ్ల మార్కెట్ ఇక్కడే ఉండేది. వేసవిలో ఇక్కడ బస్సు దిగితే కళ్లు మూసుకొని కూడా మామిడి కాలమని చెప్పగలిగేవాళ్లమని మా నాన్న చెప్పేవారు. పండ్ల వ్యాపారం కొత్తపేట వైపు తరలిపోయినా అత్తరు వాసన, డ్రైఫ్రూట్స్ వాసన, ఐస్‌క్రీమ్ దుకాణాల్లో మరిగే పాల వాసన మిగిలాయి. ఒకవైపు నాంపల్లి హమీదీ మిఠాయి దుకాణంలో జౌజీ హల్వా నేతి వాసన, ఇంకోవైపు జాంబాగ్ పూల వాసన. ఇన్ని వాసనల మధ్య నిన్ను సంచిలో మోసుకెళ్లాను. మార్కెట్ కూడా పగుళ్లిచ్చి, అడ్డదిడ్డమైన రేకులు, బోర్డులు వేలాడి, ఏళ్ల తరబడి పాడుబడి ఉండేది. దాన్ని కూలగొట్టకుండా రాయి రాయి కడిగి, అతుకులు వేసి, 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఆ గడియారం కిందుగా వెళ్తూ, ఎనభై అయిదేళ్ల కట్టడాన్ని బాగుచేసిన ఊళ్లో పద్నాలుగు నెలల మిక్సీని బాగుచేసేవాళ్లు ఉండరా అనుకున్నాను.

ఉన్నారు. జాంబాగ్ దాటి పుత్లీబౌలి వైపు పోయే దారిలో ఒక సందులో, మనిషి కూర్చుంటే మోకాళ్లు బయటికి వచ్చేంత చిన్న దుకాణం. గోడ నిండా రకరకాల కప్లర్లు దండల్లా గుచ్చి వేలాడదీసి ఉన్నాయి. బల్ల వెనక డెబ్భై దగ్గరపడిన పెద్దాయన. అక్కడికి వచ్చేవాళ్లంతా చాచా అంటారు, నేనూ అలాగే పిలిచాను. సంచిలోంచి మిక్సీ తీయకముందే అడిగాడు, “ఏ వాసన వచ్చింది బేటీ?”

కాలిన వాసన అన్నాను. తల అడ్డంగా ఊపాడు. “కాలిన వాసన అంటే ఒకటి కాదు. రబ్బర్ కాలిందా, వార్నిష్ కాలిందా, బొగ్గు కాలిందా?”

అప్పటిదాకా నువ్వు ఒక్కదానివే అనుకున్నాను. ఆ గంటలో నీ రూపాలన్నీ తెలుసుకున్నాను.

మొదటిది రబ్బరు వాసన. జార్ అడుగునా, మోటరు తలమీదా ఉండే పళ్ల చక్రాలే కప్లర్లు. పళ్లు అరిగిపోతే ఒకదానిలో ఒకటి పట్టుకోకుండా జారిపోతూ రాసుకుంటాయి. కింద మోటరు గిర్రున తిరుగుతుంటుంది, పైన బ్లేడు కదలదు, సైకిల్ టైరు కాలినట్టు నువ్వు వస్తావు. ఈ రూపంలో వస్తే భయపడాల్సిన పనే లేదు. జార్‌లో బ్లేడు బిగుసుకుపోతే ఆ కప్లరే ముందు విరిగి మోటరును కాపాడుతుంది. నలభై రూపాయల ముక్క. చాలా మిక్సీల్లో దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడి వస్తుంది. మామూలు మరలా అనుకొని ఎదురువైపు తిప్పి, ఊడదనుకొని మిక్సీలు పారేసినవాళ్లు ఉన్నారని చాచా చెప్పాడు.

రెండోది బొగ్గు వాసన. వాన పడేముందు పిడుగు పడ్డట్టు ముక్కుపుటాలను కోసే వాసన, కంతల్లోంచి నీలం నిప్పురవ్వలు. మోటరులో తిరిగే భాగానికి, అంటే ఆర్మేచర్‌కు, కరెంటు అందించేవి రెండు చిన్న కార్బన్ ముక్కలు. వాటిని బ్రష్‌లంటారు. రోజూ కొంచెం కొంచెం అరుగుతాయి, పొట్టివైపోయాక సరిగా ఆనక రవ్వలు చిమ్ముతాయి. జత అరవై రూపాయలకు మార్చాడు, నా ముందే ఇంకొకరి మిక్సీకి. ఆ రవ్వలను పట్టించుకోకుండా ఆర్నెల్లు వాడితే మాత్రం బ్రష్‌లు ఆనే రాగి పలకల కమ్యూటేటర్ గుంటలు పడుతుంది, అప్పుడు ఆర్మేచరే మార్చాలి.

మూడోది వార్నిష్ వాసన. మా ఇంటికి రెండుసార్లూ ఈ రూపంలోనే వచ్చావు. మోటరులో తీగ చుట్లన్నీ ఒకదానినొకటి తాకుతూ ఉంటాయి. తాకినా కరెంటు పక్కచుట్టులోకి దూకకుండా తీగ మీద సన్నటి పూత ఉంటుంది, చుట్టాక పైన వార్నిష్ పోస్తారు. ఆ పూతకు ఒక హద్దు ఉంది. తరగతిని బట్టి 120, 130, 155 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. హద్దు దాటి పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ పూత ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుందని ఇంజినీర్లు లెక్క వేస్తారు. అంటే నువ్వు ముక్కుకు తగిలేసరికే లోపల జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

నాలుగో రూపం కూడా ఉంది, అది అమాయకమైనది. కొత్త మిక్సీని మొదటిసారి తిప్పినప్పుడు తాజా వార్నిష్ వేడెక్కి కాసేపు కొద్దిగా వాసన వస్తుంది. కంపెనీలు ఆ సంగతి పుస్తకంలో రాస్తాయి. ఒకటి రెండు వాడకాల్లో పోతుంది. పోకపోతే పెట్టె తిరిగి ఇచ్చేయాలి.

మరి ఎందుకు వేడెక్కుతుంది? ఇది నాకు చాచా పూర్తిగా చెప్పలేదు. ఇంటర్ ఫిజిక్స్ చదివే మా అబ్బాయి పుస్తకం తెచ్చి కూర్చున్నాక అర్థమైంది. మిక్సీలో ఉండేది యూనివర్సల్ మోటరు. ఖాళీగా తిప్పితే నిమిషానికి పద్దెనిమిది, ఇరవై వేల చుట్లు తిరుగుతుంది. బరువు పడేకొద్దీ నెమ్మదిస్తుంది. నెమ్మదించేకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగింతలు. మోటరును చల్లబరిచే ఫ్యాను కూడా అదే ఇరుసు మీద ఉంటుంది కనుక మోటరు నెమ్మదిస్తే గాలీ తగ్గిపోతుంది. వేడి నాలుగింతలైన నిమిషంలోనే గాలి సగమైపోతుంది. గట్టి పిండి, నీళ్లు పోయని పప్పు, బిరుసైన కొబ్బరి వేసినప్పుడు జరిగేది ఇదే. మిక్సీ గొంతు మారడం అంటే ఇది మొదలైందని అర్థం. మా అత్తమ్మకు ఫిజిక్స్ రాకపోయినా, “మూలుగుతోంది, ఆపెయ్ పిల్లా” అనేది.

చాచా నా మిక్సీ విప్పాడు. పక్కనే బల్ల మీద, ఎవరో రిపేరుకు ఇచ్చిన ఇరవై ఏళ్లనాటి పాత మోటరు ఉంది. రెంటినీ నా చేతుల్లో పెట్టాడు. 1000 వాట్ల మోటరు ఆ పాత 500 వాట్ల దానికన్నా తేలిగ్గా ఉంది. తీగ కొస పట్టుకొని బ్లేడుతో గీకాడు, పైన ఎర్రగానే కనిపించింది. “పైన చూసి మోసపోవద్దు,” అని కట్టర్‌తో కోసి కొస చూపించాడు. లోపల తెల్లగా ఉంది. అల్యూమినియం తీగకు రాగి తొడుగు.

అల్యూమినియం చెడ్డ లోహం కాదు. మన ఊళ్లకు కరెంటు తెచ్చే పెద్ద లైన్ల తీగలు చాలావరకు అదే. అయితే రాగితో సమానంగా కరెంటు మోయాలంటే అల్యూమినియం తీగ అడ్డకోత వైశాల్యం ఒకటిన్నర రెట్లకు పైగా ఉండాలి. మిక్సీ మోటరులో అంత చోటు ఎక్కడుంది? సన్నతీగ పెట్టి సరిపెడితే వేడి ఎక్కువ. పైగా అల్యూమినియానికి సోల్డర్ సరిగా అతకదు, అందుకే తిరిగి చుట్టేవాళ్లు దాన్ని ముట్టుకోవడానికి ఇష్టపడరు. ధర తగ్గింది ఇక్కడే. బేరింగుల్లోనూ తగ్గింది. పాత మోటరుకు రెండు వైపులా బాల్ బేరింగులున్నాయి, నాదానికి ఇత్తడిరంగు బుష్‌లు. జార్ లోంచి పచ్చడి రసం కారి కిందికి దిగితే ఆ బుష్‌లు ఎండిపోయి బిగుసుకుంటాయి.

“ఇంతకుముందుది ఏం చేశావు?” అని అడిగాడు. చెప్పాను. నాన్న కొనిచ్చిన 2008 మిక్సీ, పదమూడేళ్లు నడిచింది, బండికి వేశాను. చాచా కాసేపు ఏమీ అనలేదు. “అది చుట్టొచ్చు బేటీ. ఏడెనిమిది వందలు అయ్యేది,” అన్నాడు. ఇంటికి వచ్చేదాకా ఆ మాట నన్ను వదల్లేదు.

మిక్సీ అనే వస్తువు మన దేశంలో పుట్టిందే నీ వల్ల అని తర్వాత తెలిసింది. అమెరికాలో 1922లో స్టీఫెన్ పొప్లావ్‌స్కీ చేసిన బ్లెండర్ పాలూ సిరప్పూ కలపడానికి. నీళ్లలాంటి పదార్థాల కోసం పుట్టిన యంత్రమది. పసుపు కొమ్ము, ఎండుకొబ్బరి, నానిన మినప్పప్పు దాని లెక్కలో లేవు. 1960ల మొదట్లో బొంబాయిలో మాధురీ మాథుర్ గారి వంటింట్లో జర్మనీ నుంచి వచ్చిన బ్రాన్ మిక్సీ ఉండేది. అది మన రుబ్బుడుకు కాలిపోయింది. బాగుచేయిద్దామంటే ఇక్కడ కుదరలేదు. ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్ సీమెన్స్‌లో ఇంజినీరు. మన వంటకు తట్టుకునే మోటరు తానే తయారుచేయడానికి పూనుకున్నారు. 1963లో భార్యాభర్తలు కంపెనీ పెట్టారు. అదే సుమీత్. మా అమ్మ తరానికి మిక్సీ అన్నా సుమీత్ అన్నా ఒకటే. 1978లో చెన్నైలో ప్రీతి మొదలైంది, ఆ తర్వాత దక్షిణాదిలో ఇంకెన్నో వచ్చాయి. విడిభాగం దొరకని ఒక యంత్రం మీద కోపంతో మొదలైన పరిశ్రమ ఇది. అరవై ఏళ్ల తర్వాత నాంపల్లిలో నాకు అదే మాట వినిపించింది: ఆర్మేచర్ దొరకదు.

వాట్ల సంగతి చెబుతాను, ఎందుకంటే నేను మోసపోయింది అక్కడే. వాట్లు అంటే మిక్సీ మింగే కరెంటు. అది రుబ్బే బలం ఎంతో, ఎన్నేళ్లు బతుకుతుందో ఆ అంకె చెప్పదు. అంతకన్నా పనికొచ్చే అంకె మిక్సీ అడుగున రేటింగ్ ప్లేట్ మీద ఉంటుంది. ఇంటి మిక్సీల మీద సాధారణంగా 30 నిమిషాలు అని రాసి ఉంటుంది. అదీ ఏకబిగిన కాదు, అయిదు నిమిషాలు తిప్పి రెండు నిమిషాలు ఆపే లెక్కన. ఇళ్లలో వాడే మిక్సీలకు ఐఎస్ 4250 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఐఎస్‌ఐ ముద్ర పక్కన ఆ నంబరు ఉందో లేదో చూడండి. అబిడ్స్‌లో ఏ జ్యూస్ సెంటర్‌కైనా వెళ్లి వాళ్ల మిక్సీ గమనించండి. చాలాచోట్ల కనిపించేది తెల్లటి సుజాత, 900 వాట్లు, డబుల్ బాల్ బేరింగులు, 90 నిమిషాలు ఏకధాటిగా నడుస్తుందని రాసి ఉంటుంది. పొద్దుటి నుంచి రాత్రి దాకా బత్తాయిలు తిప్పేవాళ్లు 1000 వాట్ల స్టిక్కర్ కోసం వెతకలేదు.

నుమాయిష్‌లో డెమోలు కూడా చూశాను. 1938లో మొదలైన ప్రదర్శన అది, మామూలుగా ఏటా జనవరి 1న నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో తెరుచుకుంటుంది, మా పిల్లలకు పండగ. మిక్సీ స్టాల్ ముందు నిలబడితే రెండు టమాటాలు, గ్లాసుడు నీళ్లు పోసి పది సెకన్లలో రసం చేసి చూపిస్తారు. నీళ్లలో ఏ మిక్సీ అయినా గెలుస్తుంది. ఈసారి నేను గుప్పెడు నానిన మినప్పప్పు డబ్బాలో తీసుకెళ్లాను. ఇద్దరు వేయమన్నారు, ముగ్గురు వద్దన్నారు. ఆ వద్దన్న మాట కూడా నాకు సమాచారమే.

మూడో మిక్సీని కొన్న పద్ధతి వేరు. మిక్సీల దుకాణానికి వెళ్లకముందు కోఠీ వైపు విడిభాగాలమ్మే అంగడికి వెళ్లాను. కౌంటర్ దగ్గర కుర్రాణ్ని అడిగాను, “తమ్ముడూ, ఏ మిక్సీల కప్లర్లు, బ్రష్‌లు, ఆర్మేచర్లు మీ దగ్గర రోజూ ఉంటాయి?” మొదట వింతగా చూశాడు. “ఏ మోడల్ ఉందక్కా మీ దగ్గర?” అన్నాడు. ఇంకా కొనలేదు అన్నాను. అప్పుడు నవ్వి, అరల్లోంచి డబ్బాలు దించి చూపించాడు. నాలుగు పేర్లు తేలాయి. అన్నీ పదీ పదిహేనేళ్లుగా ఒకే మోటరు, ఒకే కప్లర్‌తో వస్తున్న మోడళ్లు. అందం మారదు, పెట్టె మారదు, అందుకే వాటి భాగాలు ప్రతి అంగట్లో దొరుకుతాయి. కాగితం మీద రాసుకొని చాచాకు చూపించాను. రెండు కొట్టేశాడు. మిగిలిన రెంటిలో ఒకటి అబిడ్స్‌లో కొన్నాను. 750 వాట్లు, రాగి వైండింగ్ అని కంపెనీయే రాసిచ్చింది, బాల్ బేరింగులు, మోటరుకు అయిదేళ్ల వారంటీ. మూడువేల ఎనిమిది వందలు. రెండువేల రెండువందలకు పద్నాలుగు నెలలు వాడినదానికి నెలకు నూట యాభై ఏడు రూపాయలు పడింది. నాన్న కొన్నది ఆ లెక్కన చూస్తే నెలకు ఇరవై కూడా దాటలేదు. చవక అనే మాటకు నా ఇంట్లో ఇప్పుడు ఆ లెక్కే.

జార్ల విషయంలో దుకాణంవాళ్లు అయస్కాంతం అంటించి, అంటుకోలేదు చూడండి, అసలు స్టీలు అంటారు. 304 రకానికీ, దానికన్నా తక్కువ రకమైన 202కూ కూడా అయస్కాంతం అంటుకోదు. ఆ పరీక్ష వల్ల ఒరిగేదేమీ లేదు. జార్‌ను తలకిందులు చేసి, బ్లేడు పట్టుకొని అటూ ఇటూ ఊపి చూడండి. కొత్తదానిలోనే ఊగితే ఏడాదికే బుష్ లోంచి రసం కారుతుంది.

ఇంట్లో నా అలవాట్లూ మార్చుకున్నాను. జార్ సగానికి మించి నింపను. నిమిషం తిప్పి, నిమిషం ఆపుతాను. పసుపు కొమ్ములు, ఎండుకొబ్బరి రోట్లో కచ్చాపచ్చాగా నలిపాకే జార్‌లో వేస్తాను. భక్ష్యాల పూర్ణం పప్పుగుత్తితో మెదిపేస్తాను, అత్తమ్మ పద్ధతే మంచిది. మిక్సీని గుడ్డ పరిచిన చోట పెట్టను, కింది కంతలకు గాలి ఆడాలి. బరువెక్కువై మిక్సీ కింది ఓవర్‌లోడ్ బటన్ బయటికి తన్నితే వెంటనే నొక్కను, అరగంట ఆగుతాను. రెండేళ్లలో ఒకసారి కప్లర్, ఒకసారి బ్రష్‌లు మార్చాను, రెండూ కలిపి వంద రూపాయలు. నువ్వు మాత్రం మళ్లీ రాలేదు. సకినాల బియ్యం గిర్నీకే వెళ్తున్నాయి, వరుస ఎంతున్నా.

అయితే నేను ఒక్కదాన్ని జాగ్రత్తపడితే నువ్వు ఊరు విడిచిపోవు. రోజూ సాయంత్రం ఈ పేటలో ఏదో ఒక వంటింటి కిటికీలోంచి నువ్వు బయటికి వస్తూనే ఉన్నావు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది, ఆ ఏడాది చివర పోర్టల్ కూడా తెరిచింది. గృహోపకరణాలు అందులో ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ఫోన్లు, టీవీలు, వాషింగ్ మెషీన్లు అమ్మేచోట, ఆ వస్తువు ఎంత తేలిగ్గా బాగవుతుందో పదికి మార్కులు వేసి ధర పక్కనే పెట్టడం మొదలుపెట్టారు. మన దగ్గర ఆ మార్కు మొట్టమొదట మిక్సీ మీద పడాలని నా కోరిక. ఫోను పాడైతే ఇంట్లో ఇంకో ఫోను ఉంటుంది, మిక్సీ పాడైతే మర్నాటి పొద్దున ఒక మనిషి నడుం వంచాలి.

మిక్సీలు చేసేవాళ్లను నేను అడిగేది పెద్దదేం కాదు. వాట్లు ముద్రించిన సైజులోనే తీగ రాగిదో అల్యూమినియందో ముద్రించండి. బేరింగ్ రకం రాయండి. కప్లర్, బ్రష్, ఆర్మేచర్ ధరలు పెట్టె మీదే వేసి, అమ్మకం ఆపిన తర్వాత కూడా ఇన్నేళ్లు దొరుకుతాయని మాట ఇవ్వండి. ఉడికించిన శనగపప్పు రుబ్బి చూపించండి.

చదువుతున్న అక్కలకు, చెల్లెళ్లకు, వంట చేసే అన్నలకు: వారంటీ ఉండి కూడా తిప్పి పంపితే 1915 నంబరుకు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వారంటీ అయిపోయి, మీ గట్టు కిందో అటక మీదో కాలిన మిక్సీ ఉంటే పాత సామాన్ల బండికి వేయకండి. సంచిలో పెట్టుకొని రిపేరు బల్ల దాకా తీసుకెళ్లండి. మోటరు మీ ముందే విప్పించండి. తీగ కొస కోసి చూపించమనండి. లోపల కూడా ఎర్రగా ఉంటే చుట్టించుకోండి.

ఇట్లు,
నాంపల్లి నుంచి ఒక ఇల్లాలు